ఇతరాలు

"ఆ మిక్సీ ఆపుతావా కాస్త! ఇక్కడ దీని ప్రాణం పోతోంది."

ముందు గదిలోంచి భర్త అరిచిన అరుపుకి ఆమె చెయ్యి దానంతటదే మీట తిప్పేసింది. అత్తగారు కుర్చీలోంచి జారిపడ్డారేమో అనుకుని, తడిచేతులు తువాలుకి తుడుచుకుంటూ పరుగెత్తింది. అత్తగారు కుర్చీలోనే ఉన్నారు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని కొడుకునే చూస్తున్నారు. ఆ కొడుకు నేలమీద మోకరిల్లి, బల్ల కింద ఉన్న కంప్యూటర్ డబ్బాకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"వినపడుతోందా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "టిక్... టిక్... మధ్యలో గరగరమని ఒక మూలుగు. పాపం, బాగా అలిసిపోయింది."

పాపం అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో ఉందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి వీధి కుక్కని చూసి అన్నట్టు గుర్తు, అంతే. ఇప్పుడు అరచేత్తో ఆ డబ్బా వీపు నిమిరి చూస్తున్నాడు. వేడిగా ఉందా, ఎంత వేడిగా ఉంది, నిన్నటికంటే ఎక్కువా తక్కువా అని లెక్కలు వేస్తున్నాడు. తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో, ఏ ఫైలు దగ్గర బిగుసుకుపోయిందో, ఎక్కడ తడబడిందో తల్లికి పూసగుచ్చినట్టు చెబుతున్నాడు. అత్తగారు "అయ్యో, అయ్యో" అంటున్నారు.

ఆమెకి అసూయ కలిగింది. దానికి మరో మాట లేదు. తోడికోడలి మీదో పక్కింటావిడ మీదో కలిగితే చెప్పుకోవడానికి కాస్త మర్యాదగానైనా ఉండేది. ఆమెకి కలిగింది వారం వారం తనే దుమ్ము దులిపే ఒక రేకు డబ్బా మీద. ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పుకుంటే ఎవరు నవ్వరు? మళ్ళీ వంటగదిలోకి వెళ్ళి, మిక్సీ మీద చెయ్యి వేసి, వెయ్యాలో వద్దో తెలియక అలాగే నిలబడింది. గోడకవతల రోగి ఉన్నట్టు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

అసలు సంగతేమిటంటే చప్పుళ్ళు ఆమెకీ ఉన్నాయి. ఆమె కుడి భుజం చాలా కాలంగా ఎత్తినప్పుడల్లా టక్కుమంటుంది. పై అరలోంచి డబ్బా దించినా టక్కు, తీగమీద దుప్పటి ఆరేసినా టక్కు. మొదటిసారి భోజనాల దగ్గర చెప్పింది. "వయసు" అన్నాడు ఆయన కంచంలోంచి తలెత్తకుండా. ఇంకోసారి చెబితే, "మొన్న చెప్పావుగా" అన్నాడు. ఇలా కాదని ఒకరోజు ఆయన పక్కనే సోఫాలో కూర్చుని, ఆయన చెవి దగ్గరే చెయ్యి పైకెత్తి చూపించింది. టక్కుమంది. ఆమెకే భయం వేసింది ఆ చప్పుడుకి. "టీవీ సౌండ్ కొంచెం పెంచు" అన్నాడాయన.

ఇప్పుడు అదే చెవి. అదే మనిషి చెవి. బల్ల కింద దూరి, మిక్సీ ఆపించి, ఊపిరి బిగబట్టి మరీ వింటోంది.

ఇంకా ఒళ్ళు మండే సంగతి మరొకటుంది. ఆ టిక్కు టిక్కుని ఆ ఇంట్లో మొట్టమొదట విన్నది ఆమె.

ఆమె చేసే పని ఒకటుంది. ఆ ఇంట్లో దానికి పేరు లేదు. అత్తగారు "దాని చదువులు" అంటారు. భర్త ఏమీ అనడు. ఒకప్పుడు ఆమె బడిలో పాఠాలు చెప్పేది. అత్తగారికి తుంటి విరిగాక మానేసింది. మానెయ్యమని ఎవరూ అనలేదు. "మరి అమ్మని ఎవరు చూసుకుంటారు?" అని మాత్రం అడిగారు. అప్పుడు ఆమెతో కలిసి పనిచేసిన పంతులమ్మ ఇప్పుడు చూపులేని పిల్లల బడిలో ఉంది. పిల్లల పాఠ్యపుస్తకాలు ఎవరైనా చదివి రికార్డు చేసిపెడితే బాగుండునని ఒకసారి ఫోన్లో అంది. "నేను చదువుతాను" అనేసింది ఆమె, ఎవర్నీ అడక్కుండా. అలా అనేసినందుకు ఆ రోజంతా ఆమెకే ఆశ్చర్యంగా ఉండింది.

మధ్యాహ్నం అత్తగారు నిద్రపోయాక మొదలయ్యేది ఆ పని. తలుపులు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాను ఆపి, ఫ్రిజ్జు కూడా కాసేపు ఆపి, చెమటలు కారుతుండగా కంప్యూటర్ ముందు కూర్చుని మైకులోకి చదివేది. చరిత్ర పుస్తకం. రాజులూ యుద్ధాలూ పన్నులూ. బొమ్మ ఉన్నచోట బొమ్మలో ఏముందో కూడా చెప్పేది. "ఇక్కడ ఒక కోట బొమ్మ ఉంది. గోడ మీద ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. ఒకడు దూరంగా చెయ్యి చూపిస్తున్నాడు." మొదటి పాఠం పంపించాక పంతులమ్మ ఫోన్ చేసింది. "పిల్లలకి నీ గొంతు ఎంత నచ్చిందో! నిన్ను పాఠాలత్త అంటున్నారు" అంది. ఆ రోజు ఆమె అద్దంలో తన గొంతుక చూసుకుంది. గొంతుకని అద్దంలో చూసుకుంటారా ఎవరైనా? ఆమె చూసుకుంది.

అదే ఫోన్లో పంతులమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "పిల్లలు అడుగుతున్నారు, అత్త గదిలో గడియారం ఉందా అని. ఉంటే అది బాగాలేదట. ఒక్కోసారి ఆగి ఆగి కొడుతోందట."

ఆ గదిలో గడియారం లేదు. ఆమె చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని తన పాఠం తనే వింది. రాజుగారు దండెత్తే చోట, తన గొంతు వెనకాల సన్నగా, టిక్... టిక్... కాస్త ఆగి మళ్ళీ టిక్. లేచి వెళ్ళి కంప్యూటర్ డబ్బా దగ్గర వంగింది. అక్కణ్ణించే.

ఆ సాయంత్రమే భర్త చెవిన వేసింది. "కంప్యూటర్ లోంచి ఏదో చప్పుడొస్తోందండీ."

"ఫ్యాను చప్పుడయ్యుంటుంది."

"ఫ్యాను ఆపే చదువుతానండీ."

"అయితే నీ చెవుల్లో ఉందేమో చూసుకో" అని నవ్వాడు. అత్తగారూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటేనే ఇప్పుడు ఆమెకి కడుపు మండిపోతోంది. చూపులేని పిల్లలు ఎక్కడో ఊరవతల కూర్చుని విన్నది, పక్కనే కూర్చున్నాయనకి వినపడలేదు. వినపడాలంటే ఆయన సినిమా ఒకటి మధ్యలో ఆగిపోవాల్సి వచ్చింది.

ఆ సినిమా ఆగిపోయేనాటికి చరిత్ర పుస్తకం మొత్తం చదవడం అయిపోవచ్చింది. చివరి పాఠం ఒక్కటే మిగిలింది. మొదటిది తప్ప మిగతావన్నీ కలిపి ఒకేసారి ఇద్దామని ఆమె దాచుకుంది. ఆ దాచుకున్నది ఆ కంప్యూటర్ లోనే తప్ప ఇంకెక్కడా లేదు. పిల్లలకి పరీక్షలు దగ్గర పడుతున్నాయి. మళ్ళీ మొదటి నుంచీ చదవడమంటే అయ్యే పని కాదు. ఆ డబ్బా ఆగిపోతే ఒక ఏడాది మధ్యాహ్నాలన్నీ దాంతోపాటే ఆగిపోతాయి.

ఎక్కడ దాచుకుందీ అంటే, "ఇతరాలు"లో. కంప్యూటర్ కొన్న రోజున భర్త కూర్చుని ఫోల్డర్లన్నీ ఓపిగ్గా చేశాడు. "ఆఫీసు", "సినిమాలు", "మ్యాచులు", "టూర్ ఫోటోలు". "మరి నావెక్కడ పెట్టుకోను?" అని ఆమె అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి ఇంకొకటి చేశాడు. దాని పేరు "ఇతరాలు". అందులో ఆమె పాఠాలున్నాయి, అత్తగారి కంటి రిపోర్టులున్నాయి, పాత ఆల్బమ్‌లోంచి ఆమె స్కాన్ చేసి ఎక్కించిన మామగారి ఫోటోలున్నాయి. అంటే ఆ ఇంట్లో ఇతరాలంటే బతికున్న ఆడవాళ్ళూ పోయిన మగవాళ్ళూ అన్నమాట. ఆయన అలా అని ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

ఇక మొదలైంది ఆ డబ్బాకి వైద్యం. ముందు వంటగది కిటికీలో ఉండే చిన్న ఫ్యాను తీసుకెళ్ళి దాని ముందు పెట్టాడు. పొయ్యి దగ్గర ఆమెకి చెమటలు పడుతుంటే, బల్ల కింద అది గాలి పీల్చుకుంటోంది. తర్వాత ఇంటర్నెట్‌లో ఎక్కడో చదివి, ఏదో రిపేరు ప్రోగ్రామ్ పెట్టాడు. అది తెల్లారి మొదలుపెడితే పొద్దు గూకేదాకా ఆ డిస్కుని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూనే ఉంది. టిక్కు కాస్తా టకటకలాడటం మొదలుపెట్టింది.

"జబ్బు చేసినదాన్ని ఇలా పరిగెత్తిస్తే ఎలాగండీ? ముందు ఆపేసి, లోపలున్నవి బయటికి తీయించండి" అంది ఆమె.

"నీకు తెలీదు."

"పోనీ నా పాఠాలైనా పెన్‌డ్రైవ్ లోకి..."

"ఇప్పుడు దాన్ని కదపొద్దన్నానా! రిపేరు నడుస్తోంది."

ఆమె పెన్‌డ్రైవ్ గుప్పిట్లో పట్టుకునే వంటగదిలోకి వెళ్ళింది. అన్నం వండింది.

ఆ మర్నాడు పొద్దున్న దుప్పట్లు పిండి ఆరేసి వచ్చేసరికి భుజం సలపడం మొదలైంది. అలాంటప్పుడు ఆమెకున్న ఒకే ఒక్క మందు ఐసు సంచీ. ఫ్రిజ్జు పై అరలో, బఠాణీల పొట్లం పక్కన దానికొక చోటుంది. తలుపు తీసింది. ఐసు సంచీ లేదు. ఆ చోట్లో, ఆయన పెళ్ళిళ్ళకి మాత్రమే తీసే తెల్ల రుమాలు చుట్టుకుని, పైన ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, ఏదో నల్లటి దిమ్మ పడుకుని ఉంది. హార్డ్ డిస్కు.

ఐసు సంచీ సింకులో ఉంది. కరిగి నీళ్ళయి, చప్పబడి, ఒక పక్కకి వాలిపోయి ఉంది.

"మా ఆఫీసులో ఒకతను చెప్పాడు" అన్నాడు భర్త బూట్లకి పాలిష్ వేసుకుంటూ. "చల్లగా ఉంచి తీస్తే కాసేపు బతుకుతుందట. ఆ కాసేపట్లో అన్నీ లాగేసుకోవచ్చట."

"బఠాణీల పక్కన పెట్టావేంట్రా? వాసన పట్టదూ?" అన్నారు అత్తగారు.

"మరి నా ఐసు సంచీ?" అంది ఆమె.

"ఒక్కరోజు సర్దుకోలేవా? దానికి ప్రాణం మీదికొచ్చిందిక్కడ."

ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఆమె మళ్ళీ ఫ్రిజ్జు తలుపు తీసి ఆ డిస్కుని చాలాసేపు చూసింది. కుళ్ళుకుంటూ చూసింది. సవతిని చూసినట్టు చూసింది. నీకేం లోటే తల్లీ, అనుకుంది. రుమాలు కప్పుకున్నావు. చల్లటి గది. నువ్వు చప్పుడు చేస్తే వినే చెవి. ఇప్పుడు నేను ఈ అరలోకి దూరి పడుకున్నాననుకో, ఆయన తలుపు తీసి చూసి ఏమంటాడు? కాస్త జరుగు, డిస్కు పెట్టాలి అంటాడు. ఆ మాట తోచేసరికి నవ్వు వచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్ళు చెమర్చాయి. తలుపు వేసేసింది. కోపానికి డిస్కుని తీసి నేలకేసి కొట్టొచ్చు, కాని అందులోనే తన గొంతుంది.

చల్లటి వైద్యమూ పనిచెయ్యలేదు. బయటికి తీసి తగిలించేసరికి ఆ డిస్కు అసలు తెర మీద కనపడటమే మానేసింది. అప్పుడు భర్త సగం రోజు సెలవు పెట్టాడు. జ్వరం వచ్చినా పెట్టని సెలవు. డిస్కుని ఒళ్ళో పెట్టుకుని రిపేరు కొట్టుకి వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది.

"ఎంత తెలివైన అమ్మాయో ఆ రిపేరమ్మాయి! చెవి దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం వింది, అంతే, చెప్పేసింది. లోపల చదివే ముల్లు దెబ్బతింటోందట. ఫ్రిజ్జులో పెట్టానంటే చివాట్లు పెట్టింది. తడి చేరితే ఇంకా పాడవుతుందట. ఆ రిపేరు ప్రోగ్రామ్ కూడా తప్పేనట. 'జబ్బు చేసినదాన్ని పరిగెత్తించకండి సార్, ముందు లోపలున్నవి బయటికి తీయించండి' అంది. ఎంత చక్కగా చెప్పిందో!"

"ఆ మాట నేను చెప్పాను" అంది ఆమె.

"నువ్వా? ఎప్పుడు?"

ఆయన నిజంగానే అడిగాడు. వెటకారం ఏమీ లేదు. నిజంగానే గుర్తులేదు. అదే ఆమెకి ఎక్కువ తగిలింది. ఒకే మాట. ఆమె నోట్లోంచి వస్తే మిక్సీ చప్పుడు, ఆ పిల్ల నోట్లోంచి వస్తే మంత్రం. డిస్కు మీద ఉన్న కుళ్ళంతా ఆ క్షణంలో బదిలీ అయిపోయి ఆ ముక్కూ మొహం తెలియని పిల్ల మీదికి వెళ్ళింది. ఎలా ఉంటుందో? సన్నగా ఉంటుంది. గోళ్ళకి రంగు వేసుకుంటుంది. దానికి భుజం టక్కుమనదు. అన్నం తింటూ కూడా ఆయన ఆ అమ్మాయి ఇలా అంది, ఆ అమ్మాయి అలా అంది అంటూనే ఉన్నాడు. ఆమె వడ్డిస్తూనే ఉంది. గరిటె గిన్నెకి కాస్త గట్టిగానే తగిలింది రెండుమూడుసార్లు. ఎవరూ వినలేదు.

"రేపు ఇంకో కొత్త డిస్కు కొని తీసుకురమ్మంది. పాతదాన్లోంచి దాన్లోకి తోడుతుందట" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "నాకు రేపు మీటింగుంది. నువ్వు వెళ్ళు. ఖాళీయేగా. ఎంతసేపు బతుకుతుందో చెప్పలేనంది కాబట్టి జాగ్రత్తగా విను. ముందు ఆఫీసు. అవి ఆఫీసు కంప్యూటర్లోనూ ఉన్నాయనుకో, అయినా సరే. తర్వాత సినిమాలు, మ్యాచులు. తర్వాత టూర్ ఫోటోలు. ఇతరాలు చివర్లో, టైముంటే చూద్దాం."

"ఇతరాలంటే ఏంట్రా?" అన్నారు అత్తగారు కుర్చీలోంచి.

"ఏవోలే అమ్మా. నీ రిపోర్టులు, దీని చదువులు, నాన్న పాత ఫోటోలు."

అత్తగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీ నాన్న ఇతరాలా?" అన్నారు. ఆయన అప్పటికే టీవీ పెట్టేశాడు. అత్తగారు కోడలి వంక చూశారు. టిక్కు టిక్కు సంగతి చెప్పినప్పుడు ఆవిడ నవ్విన నవ్వు ఆమెకి ఇంకా గుర్తుంది. అయినా కుర్చీ పక్కకి వెళ్ళి నీళ్ళ గ్లాసు చేతికిచ్చింది.

మర్నాడు కొత్త డిస్కూ పాత డిస్కూ సంచీలో వేసుకుని ఆమె బయలుదేరింది. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుంది. ఎందుకు కట్టుకుందో ఆమెకి తెలుసు, మనకీ తెలుసు. తీరా కొట్టులోకి అడుగుపెట్టి, "రిపేరమ్మాయి ఎక్కడుందండీ?" అని అడిగితే, బల్ల వెనక నుంచి "నేనే" అంటూ తలెత్తిన మనిషికి తనంత వయసుంది. చెంపల దగ్గర నెరిసింది. కొప్పులో ఒక స్క్రూడ్రైవర్ దోపుకుంది. గోళ్ళకి రంగు లేదు, మసి ఉంది. బల్ల నిండా పొట్ట విప్పిన కంప్యూటర్లు, సీసా మూతల్లో మరలు. ఆమె నిన్నటి నుంచీ అంత కష్టపడి పెంచుకున్న అసూయ ఎక్కడ దించాలో తెలియక నిలబడిపోయింది.

"సార్ రాలేదా?"

"ఆయనకి మీటింగుందట. నేను ఖాళీ."

"ఖాళీగా ఉన్న ఆడమనిషిని నేను ఇంతవరకూ ఎక్కడా చూళ్ళేదక్కా. కూర్చోండి" అంది రిపేరమ్మాయి. ఇంతలో రిపేరమ్మాయి ఫోను మోగింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చేతులు ఆపకుండానే మాట్లాడింది. "బీరువాలో కింది అర. ఎడం పక్క. ఎడం పక్క అంటే మీ ఎడమేనండీ. చూశానంటారు, చూడరు. కొంచెం చెయ్యి పెట్టి వెతకండి." ఫోను పెట్టేసి నిట్టూర్చింది. "మా ఆయన. మేజోళ్ళట. ఇక్కడ అందరూ మేడమ్ మేడమ్ అంటారు. ఇంటికెళ్తే మేజోళ్ళు."

ఆమెకి పకపకా నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటు నిన్నటి కుళ్ళు సగం దిగిపోయింది.

రిపేరమ్మాయి పాత డిస్కుని ఒక పక్క, కొత్తదాన్ని ఒక పక్క తగిలించింది. అరచెయ్యి పాతదాని మీద మెత్తగా ఆనించి వింది. "తిరుగుతోంది. ఇంకెంతసేపు తిరుగుతుందో చెప్పలేను. దారిలో ఏ క్షణమైనా ఆగిపోవచ్చు. ఆగిపోతే మళ్ళీ లేవదు. ఏది ముందు తియ్యమంటారు?"

ఆమె నోరు తెరిచింది. భర్త చెప్పిందంతా అప్పజెప్పడానికి నాలుక చివరే ఉంది. ముందు ఆఫీసు...

"నేను అందరికీ ఒకటే చెప్తాను" అంది రిపేరమ్మాయి తెర వంక చూస్తూనే. "ముఖ్యమైనవి ముందు అనుకోకండి. అన్నీ ముఖ్యమే అంటారు. ఇంకెక్కడా లేనివి ముందు. ఇక్కడ పోతే లోకంలో ఇక దొరకనివి. అవి చెప్పండి."

ఆఫీసువి ఆఫీసులో ఉన్నాయి, ఆయనే చెప్పాడు. సినిమాలు ఎక్కడైనా దొరుకుతాయి. అయిపోయిన మ్యాచులు మళ్ళీ చూసి గెలిపించేదేమీ లేదు. టూర్ ఫోటోలు ఆయనతో వెళ్ళిన స్నేహితులందరి దగ్గరా ఉన్నాయి. ఇంకెక్కడా లేనిది ఒక్కటే. న్యాయం అటే ఉంది. కాని ఆమె న్యాయం కోసం మాత్రమే అందా? కాదు. చప్పబడిన ఐసు సంచీ కళ్ళ ముందు మెదిలింది. "టీవీ సౌండ్ కొంచెం పెంచు" అన్న మాట మెదిలింది. కుళ్ళూ న్యాయమూ చేతులు కలిపితే మనిషికి ఎంత ధైర్యమొస్తుందో అప్పుడే తెలిసింది ఆమెకి.

"ఇతరాలు" అంది. "ఇతరాలు ముందు తియ్యండి."

తెర మీద ఒక సన్నటి పచ్చగీత నెమ్మదిగా పాకడం మొదలుపెట్టింది. ఆమె ఆ గీతనే చూస్తూ కూర్చుంది. ఒకచోట ఆగింది. ఆమె ఊపిరీ ఆగింది. రిపేరమ్మాయి ఏమీ ముట్టుకోలేదు, "దాన్ని తొందరపెట్టకూడదు" అని మాత్రం అంది. కాసేపటికి గీత కదిలింది. చాలాసేపు పట్టింది గాని చివరిదాకా వెళ్ళింది.

"సరిగ్గా వచ్చాయో లేదో ఒకటి విని చూద్దాం" అని రిపేరమ్మాయి హెడ్‌ఫోన్ తగిలించుకుంది. ఒక్క ముక్క వింటే సరిపోతుంది. కాని రిపేరమ్మాయి దాన్ని తీయలేదు. స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది, కళ్ళు మూసుకుంది. పెదాల మీద చిన్న నవ్వు కదిలింది. కొట్టులోకి ఎవరో వచ్చి పిలిస్తే, ఆగమని చెయ్యి చూపించింది. అంత శ్రద్ధగా తన గొంతుని ఒక మనిషి తన ఎదురుగా కూర్చుని వినడం ఆమె మొదటిసారి చూసింది. ఎటు చూడాలో తెలియక సీసా మూతల్లో మరల వంక చూసింది.

"కోట గోడ మీద నిలబడ్డ ఆ ఇద్దరూ నాకు కనపడ్డారక్కా" అంది హెడ్‌ఫోన్ తీసి. "వెనకాల టిక్కు టిక్కు వినపడుతోంది కూడా. ఇది చాలా పాతది కదా. అంటే ఇది అప్పటికే మొదలైందన్నమాట. అప్పుడెవరూ వినలేదా?"

"విన్నాను."

"చెప్పలేదా?"

"చెప్పాను."

రిపేరమ్మాయి ఆ తర్వాతి సంగతి తెలిసిన మనిషిలా తల ఊపి, సార్‌వి మొదలుపెట్టింది.

ఆఫీసువి సగం వచ్చాయి. సినిమాలు కొన్ని వచ్చాయి. అంతలో టకటకమని, గీరినట్టు ఒక పొడుగాటి చప్పుడు చేసి, ఆ డిస్కు ఊరుకుంది. రిపేరమ్మాయి అరచెయ్యి ఆనించి చూసింది, అడ్డంగా తలూపింది.

సవతి పోతే సంతోషించాలి కదా. ఆమెకి సంతోషం రాలేదు. చెయ్యి చాచి తను కూడా ముట్టుకుంది. ఇంకా వెచ్చగా ఉంది. ఇన్నేళ్ళూ బల్ల కింద కూర్చుని ఇంట్లో అందరివీ మోసింది. ఒంట్లో బాగాలేదని మొదట్లోనే చెప్పింది, చిన్న గొంతుతో. ఎవరూ విననప్పుడు కూడా తిరుగుతూనే ఉంది. చివరికి ఆమె గొంతంతా భద్రంగా చేతిలో పెట్టి మరీ ఆగింది.

"పాపం" అంది ఆమె.

ఫోను మోగింది. భర్త. "అయిపోయిందా? నావన్నీ వచ్చాయా?"

"సగం వచ్చాయండీ. మధ్యలో ఆగిపోయింది."

"సగమా! ముందు ఏది తీయించావ్ అసలు?"

"ఇంకెక్కడా లేనివి."

"అంటే? ఏంటి నువ్వు మాట్లాడేది?"

"ఇంటికొచ్చాక చెప్తాను. టీవీ ఆపి వింటానంటే" అని ఆమె ఫోను పెట్టేసింది. ఇంటికెళ్తే ఏమవుతుందో ఆమెకి బాగానే తెలుసు. అయినా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

గోడకి తగిలించిన సంచీ అందుకోబోయింది. భుజం టక్కుమంది.

బల్ల వెనక వంగి మరలు బిగిస్తున్న రిపేరమ్మాయి చటుక్కున తలెత్తింది. "అక్కా, అది మీ భుజమేనా? ఎన్నాళ్ళ నుంచి ఉంది? చూపించుకున్నారా?"

ఆమె కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుంది. "ఇవాళ చూపించుకుంటాను" అంది. "దారిలోనే డాక్టరుగారున్నారు. ఇంటికి కాస్త ఆలస్యంగా వెళ్తాను."

"అదీ పద్ధతి. పూర్తిగా ఆగిపోయేదాకా ఉండకూడదు" అంటూ రిపేరమ్మాయి మళ్ళీ తెర ముందు కూర్చుంది. "పేర్లు చెప్పండి, సర్దేస్తాను. ఈ రికార్డింగులకి?"

"పాఠాలత్త అని పెట్టండి."

"ఈ పెద్దాయన ఫోటోలు, కంటి రిపోర్టులు?"

"అత్తయ్య, మామయ్య."

"మరి సార్‌వి? ఆఫీసు కొంత, సినిమాలు కొంత, అన్నీ తలా ఒక ముక్క వచ్చాయి. ఒకేచోట పడేశాను. దీనికేం పేరు పెట్టమంటారు?"

ఆమె సంచీ ఎడమ భుజానికి మార్చుకుంది.

"ఇతరాలు" అంది.